పండగ అయిపోయినా మూత పడని డబ్బాలు: ఒక టీచర్ గారి చలికాలం కేసు

డిసెంబర్ వచ్చిందంటే తిండి సలహా కోసం నా దగ్గరకొచ్చే వాళ్లలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే, "సంక్రాంతి మూడు రోజులూ నోరు ఎలా కట్టుకోవాలండీ?" అని. ఆ మూడు రోజులకీ నోరు కట్టుకోవాల్సిన పని లేదని నా గట్టి అభిప్రాయం. బరువు పెరిగేది పండగకి ముందూ వెనకా ఉన్న నెలన్నరలో, అదీ వంటింట్లో అరమీదున్న స్టీలు డబ్బాల దగ్గర. ఈ మాట ఊరికే చెబితే ఎవరూ నమ్మరు కాబట్టి ఒక కేసు మొత్తం రాస్తున్నా. ఆవిడ అనుమతి తీసుకున్నా, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

పశ్చిమ గోదావరి జిల్లా, 49 ఏళ్ల ఆవిడ, హైస్కూల్లో లెక్కల టీచర్. భర్తకి ఎరువుల కొట్టు. ఇంట్లో అత్తగారు ఉన్నారు, 78 ఏళ్లు, చురుకైన మనిషి. కొడుకు డల్లాస్‌లో ఉద్యోగం, కూతురికి 2024 శ్రావణంలో పెళ్లయింది, హైదరాబాద్‌లో కాపురం. అంటే 2025 సంక్రాంతి ఆ ఇంట్లో కొత్త అల్లుడి పండగ. గోదావరి జిల్లాల్లో ఆ మాటకి అర్థం ఏంటో విడిగా చెప్పక్కర్లేదు.

ఆవిడ నా దగ్గరకి 2024 నవంబర్ మూడో వారంలో వచ్చారు. బరువు 67.8 కిలోలు, ఎత్తు 155 సెంటీమీటర్లు, అంటే బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) 28కి కొంచెం పైన. మనవాళ్లకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. నడుము కొలత 93 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.1. అంటే షుగర్ ఇంకా రాలేదు కానీ గుమ్మం దాకా వచ్చింది (5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్ అంటాం). మందులేవీ వాడటం లేదు. మోకాళ్ల నొప్పి ఉంది, ముఖ్యంగా క్లాసులో నిలబడి పాఠం చెప్పాక. వాళ్లమ్మగారికి షుగర్ ఉండేది. ఆవిడ భయమంతా అక్కడే.

పాత మందుల చీటీలు ఉంటే తెమ్మన్నా. లెక్కల టీచర్ కదా, ఫైలు పెట్టి మరీ తెచ్చారు. అందులో బరువులన్నీ ఒక కాగితం మీద వరసగా రాసి చూస్తే విషయం కళ్లకు కట్టింది. 2021 నవంబర్‌లో 63, తర్వాత ఫిబ్రవరిలో 64.8. ఆ ఏడాది నవంబర్ నాటికి 64.2, మళ్లీ ఫిబ్రవరిలో 66. 2023 నవంబర్‌లో 65.6, ఫిబ్రవరిలో 67.9, మళ్లీ నవంబర్‌లో నా కాటా మీద 67.8. ప్రతి చలికాలం రెండు కిలోల దాకా ఎక్కడం, వేసవిలో అందులో పావో పరకో దిగడం, మళ్లీ పైకి. మెట్లు ఎక్కినట్టు. ఏడాదంతా తను బాగానే తింటున్నానని ఆవిడ అనుకోవడం తప్పేమీ కాదు, నిజంగానే మిగతా పది నెలలూ బరువు పెరగలేదు!

ఇది ఈవిడ ఒక్కరి కథ కాదు. అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ పరిశోధకులు 195 మందిని ఏడాది పాటు గమనించి 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం అచ్చువేశారు. నవంబర్ మధ్య నుంచి జనవరి దాకా వాళ్ల సెలవుల కాలంలో సగటున పెరిగింది 0.37 కిలోలే. ఇంతేనా అనిపిస్తుంది. కానీ తర్వాతి నెలల్లో అది దాదాపు దిగలేదు, ఏడాది మొత్తానికి పెరిగిన 0.62 కిలోలో పెద్ద వాటా ఆ కొద్ది వారాలదే. సగటు 0.37 అయినా కొందరికి రెండు మూడు కిలోలు పెరుగుతుంది, మన టీచర్ గారు ఆ బాపతు. ఏటా మిగిలిపోయే ఆ కొంచెమే పదేళ్లలో షుగర్ దాకా తీసుకెళ్తుంది, నాకు బాధ అనిపించేది అక్కడే.

ఇక అసలు విషయం. పండగ రోజు ఏం తింటారని నేను అడగలేదు. "మీ ఇంట్లో మొదటి మూకుడు పొయ్యి మీద ఎప్పుడు పెడతారు, చివరి జంతిక ఎప్పుడు అయిపోతుంది?" అని అడిగా. ఆవిడ కాసేపు ఆలోచించి చెప్పిన లెక్క ఇది. మొదటి మూకుడు డిసెంబర్ 20 ప్రాంతంలో, ఎందుకంటే డల్లాస్ పార్శిల్ పండగ నాటికి అబ్బాయికి చేరాలి. అరిసెలు, సున్నుండలు, జంతికలు, కజ్జికాయలు. పార్శిల్‌కి పోగా మిగిలింది డబ్బాల్లోకి. క్రిస్మస్‌కి పక్కింటివాళ్లు కేకుతో పాటు వాళ్లు చేసుకున్న అరిసెలూ పంపిస్తారు. జనవరి 1న స్టాఫ్ రూమ్‌లో కేకులు. తర్వాత పండగ కోసం రెండో విడత వంటలు. చివరి జంతికలు, అవి మెత్తబడిపోయినా సరే, జనవరి ఆఖరుకి అవుతాయి. మొత్తం 40 రోజులు డబ్బాలు తెరిచే ఉన్నాయన్నమాట.

ఆ 40 రోజుల్లో ఆవిడ సాయంత్రం ఎలా ఉంటుందంటే, నాలుగున్నరకి స్కూలు నుంచి రాగానే టీ, టీతో రెండు అరిసెలు, గుప్పెడు జంతికలు. "అంతేనండి, పెద్దగా ఏమీ తినను." ఒక అరిసె తెచ్చి కాటా మీద పెట్టమన్నా. 50 గ్రాములు. అందులో బియ్యప్పిండి 20 గ్రాములు, బెల్లం 15, చెక్కల మధ్య పెట్టి ఎంత ఒత్తినా లోపల మిగిలిన నూనె ఒక 8 గ్రాములు, పైన నువ్వులు. సుమారు 200 కేలరీలు. రెండు అరిసెలు 400, జంతికలు 150, మొత్తం 550. మామూలు రోజుల్లో ఆ టైముకి రెండు మేరీ బిస్కెట్లు తినేవారు, అవి తీసేస్తే రోజుకి 500 అదనం. రాత్రి భోజనం ఏమైనా తగ్గిందా? లేదు, తొమ్మిదింటికి మామూలుగానే.

ఇక్కడి నుంచి లెక్క ఆవిడే చేశారు. రోజుకి 500 చొప్పున 40 రోజులు, 20,000 కేలరీలు. ఒక కిలో కొవ్వుకి సుమారు 7,700 అనుకుంటే రెండున్నర కిలోలు దాటింది. మరి పండగ నాలుగు రోజులూ, అంటే భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ, రోజుకి 1,200 ఎక్కువ తిన్నారనుకుందాం, 4,800. అర కిలో పైచిలుకు. ఒంట్లో లెక్క ఇంత గీత గీసినట్టు నడవదు, ఆకలి కొంత సర్దుకుంటుంది, అందుకే కాటా మీద రెండు కిలోలే కనిపించాయి. కానీ దేనివల్ల ఎంత అన్న తేడా చూడండి. ఆవిడ పెన్ను కింద పెట్టి, "అయితే పండగ రోజు తిననివ్వండి, ఈ టీ సంగతి చూద్దాం" అన్నారు. నేను చెప్పాలనుకున్నది ఆవిడే అనేశారు.

"బెల్లమే కదండీ, పంచదార కాదుగా" అన్న మాట కూడా వచ్చింది, ఎప్పుడూ వస్తుంది. వంద గ్రాముల బెల్లంలో 380 దాకా కేలరీలు, పంచదారలో 400. రక్తంలో చక్కెర పెంచడంలో రెండూ ఒకటే అనుకోండి, ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్లు బెల్లం అని ధైర్యపడటానికి ఏమీ లేదు. సున్నుండ బలమే, మినప్పప్పు ప్రోటీన్ ఉంది, కానీ నెయ్యీ అంతే ఉంది.

ప్లాన్‌లో ముందు పెట్టుకున్న గురి: బరువు తగ్గించడం కాదు, ఫిబ్రవరి మధ్యలో కాటా మీద 67.8 దాటకుండా ఉండటం. చలికాలంలో, అదీ కొత్త అల్లుడొచ్చే ఏడాది, ఐదు కిలోలు తగ్గుతానని మొదలుపెడితే జనవరి 5కే చేతులెత్తేస్తారు.

డబ్బాల విషయంలో మూడు మార్పులు అనుకున్నాం. పార్శిల్‌కి చేసేది పార్శిల్‌కి సరిపడా మాత్రమే చేసి, చల్లారగానే ఆ రాత్రే సీల్ వేసేయడం. పండగ వంటలు జనవరి 8 తర్వాతే మొదలుపెట్టడం. ఇంటికని ఉంచేది ఒక్క చిన్న డబ్బా, అది వంటింటి అరమీద కాకుండా ఇంకెక్కడైనా. తినేది కూడా మధ్యాహ్నం భోజనం చివర, ఒక అరిసె, అన్నం ఆ మేరకు తగ్గించుకుని. నాలుగున్నర టీకి మాత్రం ఏ పిండివంటా వద్దు. ఖాళీ కడుపుతో, అలసిపోయి ఇంటికొచ్చిన మనిషికి తీపి దొరికితే ఒకటితో ఆగడం ఎవరి తరమూ కాదు, అది మనోబలానికి పరీక్ష పెట్టాల్సిన చోటు కాదు.

మరి ఆ టైముకి ఏంటి? చలికాలం మన దగ్గర తిండికి కొదవా! తేగలు, జామకాయలు, రేగుపళ్లు, ఉడకబెట్టిన సెనగలు. ఆవిడకి తేగలంటే ప్రాణం. జనవరిలో మా వైపు రోడ్డు పక్కన కట్టలు కట్టి అమ్ముతారు, కాల్చినవీ ఉడికించినవీ. పీచు ఎక్కువ, నమిలి తినాలి, ఒకటి తినేసరికి పావుగంట పడుతుంది, ఆలోగా ఆకలి కాస్త నెమ్మదిస్తుంది. తేగలో ఉన్నదీ పిండే, అందుకని ఒకటి చాలు, పక్కన గుప్పెడు సెనగలు. డైట్ అనగానే ఓట్స్, కీరా ముక్కలు అనేవాళ్లకి ఈ మాట గట్టిగా చెబుతాను, సీజన్‌లో మన ఊళ్లో దొరికేది ముందు చూడండి.

నడక గురించి ఎక్కువ చెప్పను. ఆవిడ ఉదయం అయిదున్నరకి నడిచేవారు, డిసెంబర్ మంచుకి మానేసేవారు, మళ్లీ మార్చిలో మొదలు. మంచులో నడవమని నేనూ అనను, రోడ్డు మీద లారీలకి మనిషి కనపడడు. ఉదయం బదులు తిన్నాక నడక పెట్టాం. మధ్యాహ్నం స్కూలు గ్రౌండ్‌లో పది నిమిషాలు, రాత్రి భోజనం అయ్యాక డాబా మీద పావుగంట. తిన్న వెంటనే కాసేపు నడిస్తే రక్తంలో చక్కెర అంత ఎత్తుకి పోదు, ఈవిడకి కావలసింది అదే.

వారానికి రెండుసార్లు, బుధవారం, ఆదివారం, పొద్దున్నే కాఫీకి ముందు బరువు చూసి వంటింట్లో గోడకున్న క్యాలెండర్ మీద రాయమన్నా. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో 272 మంది మీద క్రిస్మస్ రోజుల్లో ఒక ట్రయల్ చేశారు, 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. వారానికి కనీసం రెండుసార్లు బరువు చూసుకోవడం, కొన్ని చిన్న సలహాలు, ఏ పండగ తిండి ఖర్చు కావాలంటే ఎంతసేపు నడవాలో చెప్పే పట్టిక, అంతే ఇచ్చారు. వీళ్లకీ, మామూలుగా వదిలేసిన వాళ్లకీ మధ్య సుమారు అర కిలో తేడా వచ్చింది. ఖర్చు లేని పద్ధతి. ఒక్క జాగ్రత్త, బరువు చూస్తేనే బెంగపడి తిండి మానేసే స్వభావం ఉన్నవాళ్లకి నేను ఇది చెప్పను.

ఇప్పుడు జరిగింది చెబుతా.

పార్శిల్ వండే రోజు, డిసెంబర్ 21, శనివారం. అరిసెలు వేసేటప్పుడు ఇద్దరుండాలి కదా, ఒకరు మూకుడు దగ్గర, ఒకరు చెక్కల దగ్గర. ఆవిడ మూకుడు, అత్తగారు చెక్కలు. వండేటప్పుడు నోట్లో పడేవాటిని తినడం మానమని నేను చెప్పలేదు, అన్నిటినీ ఒక పళ్లెంలో పెట్టి సాయంత్రం తూచమన్నా. పాకం కుదిరిందో లేదో చూడటానికి మొదటి వాయిలోది ఒకటి, విరిగినవి, అంచులు చిరిగినవి, వంకరపోయినవి, జంతికల గొట్టంలోంచి చివర్లో వచ్చే ముక్కలు. పళ్లెం 180 గ్రాములు తూగింది. దాదాపు 750 కేలరీలు. అంతకుముందు ఏళ్లలో ఇదంతా పొయ్యి దగ్గర నిలబడే తినేసి, నూనె వాసనకి ఆకలి చచ్చిపోయిందని అన్నం మానేసి, రాత్రి పదింటికి మళ్లీ ఆకలేసి డబ్బా తీసేవారు. ఈసారి పళ్లెం చూసి ఆవిడే ఫోన్ చేశారు, "ఇది నేను తిన్నట్టు నాకు ఏ ఏడూ గుర్తు లేదండి." మూకుడు ఎక్కించే ముందే పెరుగన్నం, కూరతో కడుపు నింపుకోమన్నది అందుకే. రెండో విడతకి అలాగే చేశారు, పళ్లెం సగానికి తగ్గింది.

అత్తగారు మొదట్లో ఒప్పుకోలేదు. "పండగ పూట ఈ డైటింగులేంటమ్మా, ఇంట్లో అరిసెల డబ్బా నిండుగా ఉండొద్దూ?" అన్నారట. టీచర్ గారు ఎదురు చెప్పకుండా నా దగ్గరకే తీసుకొచ్చారు. పెద్దావిడతో మాట్లాడుతుంటే తన కాపురం కొత్తలో డబ్బాలు ఎక్కడుండేవో చెప్పారు. అటక మీద. అత్తగారు నిచ్చెన వేయించి దించితే తప్ప ఎవరికీ అందేవి కావు, దించినప్పుడు మనిషికి రెండు చొప్పున పంచి మళ్లీ పైకి. పదకొండు మంది ఉన్న ఇల్లు, పొలం పని చేసే ఒళ్లు, అయినా రెండే. "అయితే ఈ ఏడు డబ్బా మీరే చూడండి పిన్నిగారూ" అన్నా. ఆవిడ మొహం వెలిగిపోయింది. చిన్న డబ్బా ఆవిడ గదిలో బీరువాలోకి వెళ్లింది, తాళం ఆవిడ కొంగుకి. నేను రాసిన ప్లాన్ మొత్తంలో ఇంతకంటే బాగా పనిచేసిన మార్పు ఇంకోటి లేదు.

కొత్త అల్లుడి విషయంలో రాజీ కుదరలేదు, కుదరకూడదు కూడా. "తక్కువ రకాలు పెడితే వియ్యపురాలి దగ్గర మాట పడాలండి." సరే, రకాలు తగ్గించొద్దు, ఒక్కో రకం ఎంత వండుతారో తగ్గించండి అన్నా. పూతరేకులు ఆత్రేయపురం నుంచి, కాజాలు తాపేశ్వరం నుంచి, లెక్కపెట్టి తెప్పించారు. ఇంట్లో చేసేవి విస్తట్లోకి సరిపడా. సంక్రాంతి రోజు ఆవిడ కూడా అందరితో కూర్చుని తిన్నారు, నేను ఏ లెక్కా అడగలేదు. కనుమ రోజు మినుము తినాలి కాబట్టి గారెలు, నాటుకోడి. అక్కడ చెప్పింది ఒక్కటే, గారెలు తిన్న పూట అన్నం పెట్టుకోవద్దు. నాలుగు గారెలు, కోడికూర, పక్కన చిక్కుడుకాయ కూర. కడుపు నిండిపోయింది.

అసలు ప్రమాదం ముక్కనుమ తర్వాత, చుట్టాలు వెళ్లిపోయాక ఫ్రిజ్‌లో మిగిలిన బూరెలు, పులిహోర, బొబ్బట్లు. పారేయడానికి మనసొప్పదు, అమ్మలందరూ వాటిని వారం పాటు తిని అవజేస్తారు. ఈసారి ఎవరికి ఏం వెళ్లాలో ముందే రాసుకున్నారు. కూతురి సారెలోకి కొన్ని డబ్బాలు, పనమ్మాయి ఇంటికి, కొట్లో కుర్రాళ్లకి, పక్కింటికి. జనవరి 17 సాయంత్రానికి ఫ్రిజ్‌లో మిగిలింది పప్పు, పెరుగు.

క్యాలెండర్ మీద బరువులు: డిసెంబర్ 18న 67.2. జనవరి 1న 67.5, ముందురోజు రాత్రి బిర్యానీ, కేకు ఆపలేకపోయారు. జనవరి 12న 67.3. జనవరి 17న 69.0! ఆ పొద్దున ఫోన్‌లో ఆవిడ గొంతు వణికింది. "అంతా పోయిందండి." ఏమీ పోలేదు. నాలుగు రోజుల్లో 1.7 కిలోల కొవ్వు పట్టాలంటే మామూలు తిండి మీద ఇంకో పదమూడు వేల కేలరీలు తినాలి, అంత తినలేదు. పిండి, తీపి ఎక్కువైనప్పుడు ఒంట్లో గ్లైకోజెన్, అంటే నిల్వ ఉండే చక్కెర, పెరుగుతుంది, అది తనతో పాటు మూడు రెట్లు నీటిని పట్టుకుంటుంది. పులిహోర, పచ్చళ్ల ఉప్పు ఇంకొంత నీటిని ఆపుతుంది. ఉపవాసాలు, జ్యూస్ డైట్లు ఏమీ వద్దు, రేపట్నుంచి మామూలు తిండి, మామూలు నడక అన్నా. జనవరి 24న 67.7. ఫిబ్రవరి 12న 67.0, నడుము 91.5.

మార్చిలో హెచ్‌బీఏ1సీ 5.9 వచ్చింది. 6.1కి 5.9కి మధ్య తేడా పరీక్షలో మామూలుగా వచ్చే హెచ్చుతగ్గుల్లో కూడా ఉండొచ్చు, అందుకని దాన్ని గొప్పగా చెప్పను. పెరగలేదు, అది చాలు. నాలుగేళ్లలో మొదటిసారి ఫిబ్రవరి బరువు నవంబర్ కంటే తక్కువ. మోకాళ్లలో పెద్ద మార్పేమీ లేదు, ఆ సంగతి డాక్టర్ గారు చూస్తున్నారు. టీలో పంచదార తగ్గించాలనుకున్నది కూడా కుదరలేదు, రెండు చెంచాలు రెండు చెంచాలుగానే ఉన్నాయి. పండగ నాలుగు రోజులూ నడక లేదు.

ఇది చదివి ఎవరైనా ఇలాగే చేద్దామనుకుంటే ఒక్క మాట. ఈవిడ మందులు వాడటం లేదు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు అన్నం తగ్గించుకోవడం, భోజనం టైములు మార్చడం సొంతంగా చేయొద్దు, షుగర్ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది. మీ డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి.

ఇంకో సంగతి మిగిలింది, ఇదే నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తోంది. ఫిబ్రవరిలో టీచర్ గారితో పాటు వాళ్లాయన కూడా వచ్చారు, సరదాగా కాటా ఎక్కారు. నవంబర్‌లో వేరేచోట చూసుకున్న దానికంటే 1.8 కిలోలు ఎక్కువ. కాటాల తేడా కొంత ఉండొచ్చు, అయినా అంతా అదే కాదు. కొట్లో కుర్రాళ్లకని వెళ్లిన డబ్బాల్లో సగం గల్లాపెట్టె పక్కనే ఉండిపోయాయట, బేరాల మధ్య ఒక్కోటి. పరగడుపు షుగర్ చూపిస్తే 112, వంద లోపు ఉండాల్సింది. ఇంట్లో ఒకరికే ప్లాన్ వేస్తే పిండివంటలు ఆ ఇంట్లోనే ఇంకొకరి వైపు జరుగుతాయి. ఆయనకి హెచ్‌బీఏ1సీ రాసిచ్చా. వచ్చే నవంబర్‌లో ఇద్దరూ కలిసి వస్తామన్నారు, డల్లాస్ పార్శిల్‌కి ఎన్ని అరిసెలు వండాలో లెక్క వేసుకుని మరీ రమ్మన్నా.